తొమ్మిదో గ్లాసు

యూత్ బాబాయి ఆ రోజు తన స్కూటరు టైరు కొత్తదేనని పంతం పట్టకుండా ఉంటే, వార్డు కమిటీలో ఇంకో ఇరవై ఏళ్లు ఆయనే కుర్రాడిగా చలామణీ అయ్యేవాడు. పంతం పట్టాడు. అదీ పంక్చరు పిల్ల దగ్గర పట్టాడు.

పొద్దున తొమ్మిదిన్నర. పంక్చరు దుకాణమంటే దుకాణమేమీ కాదు, మూడంతస్తుల మేడ మెట్ల కింద మిగిలిపోయిన మూల. నిటారుగా నిలబడితే మెట్టు నెత్తికి తగులుతుంది. గోడ నిండా పాత ట్యూబులు వేలాడుతుంటాయి. ముందు తొట్టి నిండా నల్లటి నీళ్లు, పక్కన గాలి పంపు. వార్డు ఆఫీసులో ఊడ్చి, నీళ్లు పట్టి, టీ కాచే అవ్వ అక్కడే బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉంది. ఆమెను అందరూ ఆఫీసవ్వ అంటారు. ఆఫీసు సైకిలుకు గాలి లేదని తోసుకొచ్చింది. ఆ సైకిలు గుమాస్తాదీ కాదు, అవ్వదీ కాదు, ఆఫీసుది. అందుకే దానిలో ఎప్పుడూ గాలి ఉండదు.

"నిన్న సాయంత్రం నీ దగ్గరే గాలి కొట్టించాను, పొద్దున్నకల్లా కూలబడింది. దారిలో మేకులు మీరే చల్లుతారని ఊరంతా అంటోంది," అన్నాడు యూత్ బాబాయి.

"ఊరంతా అంటే ఎవరెవరండీ? ఒక్కొక్కళ్లనీ చెప్పండి, వెళ్లి అడుగుతాను," అంది పిల్ల, తల ఎత్తకుండా. చేతులు అప్పటికే ట్యూబును తొట్టిలో ముంచి తిప్పుతున్నాయి. "మేకు కాదు బాబాయ్ గారూ. ట్యూబు శుభ్రంగా ఉంది. టైరే పోయింది. పక్కన చూడండి, ఎలా పగిలిందో."

"కొత్త టైరమ్మా అది. మొన్ననే వేయించాను."

"మొన్నంటే?"

"మొన్నంటే మొన్నే. నాకు తెలీదా?"

ఇస్త్రీ బండి మనిషి పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. కాలేజీకి పోయే పిల్లలు ఇద్దరు ఆగారు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ యూత్ బాబాయి గొంతు కూడా పెరిగింది. నీ వయసెంత, నేనెవరో తెలుసా, మీ నాన్నను పిలు, అని మూడూ ఒకే ఊపిరిలో అనేశాడు. పిల్ల గుడ్డపేలిక తొట్టిలో తడిపి టైరు పక్క భాగం తుడిచింది. మట్టి పోయాక నాలుగు అంకెలు బయటపడ్డాయి.

"టైరు పుట్టిన రోజే దాని ఒంటి మీద రాసి పంపిస్తారండీ. ముందు రెండు అంకెలు వారం, వెనక రెండు అంకెలు సంవత్సరం. లెక్కేసుకోండి. పదకొండేళ్లు. మీ మొన్న బాగా పాత మొన్న."

"అంటే నేను అబద్ధాలకోరునా?"

"మిమ్మల్ని నేనేమీ అనలేదే. అన్నది టైరు. మీరూ టైరూ మాట్లాడుకుంటూ ఉండండి, ఈలోపు నేను అవ్వ సైకిలు చూస్తాను."

ఇస్త్రీ మనిషి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. యూత్ బాబాయి కాసేపు టైరు వైపు చూసి, గొంతు తగ్గించి, "కొత్తది ఉంటే వెయ్యి," అన్నాడు.

ఆఫీసవ్వ చాలా గొడవలు చూసింది. అరిచి గెలిచేవాళ్లను చూసింది, ఏడ్చి గెలిచేవాళ్లను చూసింది, మామగారి పలుకుబడితో గెలిచేవాళ్లను చూసింది. తడిగుడ్డతో మట్టి తుడిచి గెలిచినవాళ్లను చూడటం అదే మొదలు. తుడవడం తన పని కూడా కాబట్టి ఆమెకు అది మరీ నచ్చింది.

యూత్ బాబాయికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. వార్డు కమిటీలో తొమ్మిది కుర్చీలు. అందులో ఒకటి యువజన ప్రతినిధిది. ఇరవై నాలుగేళ్ల కిందట, ఈయనకు ఇరవై మూడున్నప్పుడు, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత లెమ్మని ఎవరూ అనలేదు, ఆయనా లేవలేదు. జుట్టు నెరిసింది, నల్లరంగు వచ్చింది. మోకాళ్లు అరిగాయి, పట్టీలు వచ్చాయి. కొడుకు పుట్టి, పెరిగి, మీసాలు తిప్పి, కాలేజీ కూడా దాటుతున్నాడు. ఈయన మాత్రం ప్రతి మీటింగులోనూ లేచి, "మా యువత తరఫున," అని మొదలుపెడతాడు. మొదలుపెట్టి ఫుట్‌పాత్ ఎత్తు తగ్గించమంటాడు, మోకాళ్లు పట్టేస్తున్నాయని.

ఆ మీటింగులు నెలకో శనివారం, నాలుగు గంటలకు. కనీసం ఏడుగురు ఉంటే తప్ప తీర్మానం చెల్లదు. కానీ పెద్దమనుషులు ఒకచోట కూర్చునే రకం కాదు. ఒకాయన ఫోనులో వరండాలో తిరుగుతాడు, ఒకాయన సంతకం పెట్టి జారుకుంటాడు, ఒకాయన కుర్చీలోనే ఉంటాడు గానీ నిద్రలో ఉంటాడు. ఎవరిని వచ్చినట్టు రాయాలో, ఎవరిని రానట్టు రాయాలో తెలియక, గుమాస్తా ఎప్పుడో ఒక దారి కనిపెట్టాడు. మీటింగు అయ్యాక ఖాళీ టీ గ్లాసులు లెక్కపెడతాడు. ఎన్ని గ్లాసులో అంతమంది హాజరు. వచ్చింది ఐదుగురే అయితే మిగతా నాలుగు గ్లాసులూ తనే తాగుతాడు. అలా ఒక్కడే నలుగురు సభ్యులైన రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో రాత్రి నిద్ర పట్టదని గుమాస్తా భార్య అవ్వతో చెప్పుకుని ఏడ్చేది.

ఆఫీసవ్వ అక్కడ ఇరవై ఆరేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. నలుగురు ప్రెసిడెంట్లు వచ్చారు, పోయారు, ఆమె తాత్కాలికంగానే ఉండిపోయింది. చదువు మూడో తరగతి, అదీ సగం. అక్షరాలు తెలుసు, అయితే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టడానికి సమయం పడుతుంది. చదువు రాదని ఎవరైనా అన్నారా, ఆ రోజు వాళ్ల టీలో చక్కెర ఉండదు.

ఇక పంక్చరు పిల్ల. అప్పటికి పందొమ్మిది నిండి నాలుగు నెలలు. తండ్రికి నడుం పట్టేసి వంగలేకపోతే, పదిహేనో ఏట తొట్టి దగ్గర కూర్చుంది. తండ్రి సాయంత్రాలు వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుని అందరికీ చెప్పేవాడు, "పని నాదే, చేతులు దానివి," అని. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఇల్లు గదిన్నర. గదిలో ఆరుగురు, అరగదిలో వంట, మిగిలిన చోట టీవీ. ఆ టీవీని నాయనమ్మ చెవుడు వల్ల వీధి చివరికి వినపడేలా పెడతారు. పిల్ల పగలు పంక్చర్లు వేస్తూ, యంత్రాల డిప్లొమాకు ప్రైవేటుగా కట్టింది. పరీక్ష ఆర్నెల్లలో ఉంది. చదువుకోవడానికి చోటు లేదు. మొదటిసారి తప్పింది కూడా. తప్పిన రోజు ఏడవలేదు, ఎదురుగా ఉన్న లారీ టైరు ఒక్కర్తే విప్పేసింది.

వార్డు ఆఫీసు కింద రీడింగ్ రూము ఉంది. ఫ్యాను, పొడుగాటి బల్ల, ట్యూబులైటు, అన్నీ ఉన్నాయి. తెరిచేది పదింటికి, మూసేది ఐదింటికి. అంటే చదువుకునేవాళ్లంతా కాలేజీలోనో పనిలోనో ఉన్న వేళ. ఆ వేళ అక్కడికి వచ్చేది నలుగురు రిటైరైన పెద్దవాళ్లు. ఒకే పేపరు నాలుగు ముక్కలు చేసి పంచుకుని, ముక్క ముఖం మీద వేసుకుని పడుకుంటారు. రీడింగ్ రూము ఐదు నుంచి తొమ్మిది దాకా తెరవండి అని పిల్ల అర్జీ రాసింది. ముప్పై మంది సంతకాలు చేయించింది. తెచ్చి గుమాస్తా చేతికిచ్చింది.

గుమాస్తా అవ్వ చేతికిచ్చాడు. "ట్రే కింద వెయ్యవ్వా, బల్ల మీద మరకలు పడుతున్నాయి," అన్నాడు. అవ్వ వేసింది. ఇరవై ఆరేళ్లుగా వేస్తూనే ఉంది, ఎన్ని అర్జీలు వేసిందో ఆమెకే తెలియదు.

జవాబు రాలేదు. తర్వాతి శనివారం మీటింగుకు పిల్లే వచ్చింది. చేతులు కడుక్కుని వచ్చింది గానీ గోళ్ల నలుపు పోలేదు. గుమ్మంలో నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ప్రెసిడెంటు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎదురుగా ఎవరు నిలబడినా బెంచీ ఎక్కించాలనిపిస్తుంది ఆయనకు. "సభ్యులు కానివాళ్లు ఇక్కడ మాట్లాడకూడదు."

"మాట్లాడను సార్. అడుగుతాను."

"అడగడం కూడా మాట్లాడటమే."

"అయితే మా తరఫున మాట్లాడే సభ్యుడెవరో చూపించండి. ఆయన చెవిలో చెప్పి పోతాను."

అందరూ యూత్ బాబాయి వైపు చూశారు. ఆయన ముక్కు మీద అద్దాలు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. అద్దాలు చటుక్కున తీసి జేబులో పెట్టాడు.

"నేనేనమ్మా యువజన ప్రతినిధిని. నీ సంగతి చూస్తాలే. అయినా చదువుకునే పిల్లలు ఇంట్లో కూర్చుని చదువుకోవాలి గానీ ఊరి మీద పడితే ఎలా? మా రోజుల్లో అయితే..."

"మీ రోజులంటే ఇవే కదా బాబాయ్ గారూ? మీరు యువతే కదా?"

నిద్రలో ఉన్న సభ్యుడికి కూడా మెలకువ వచ్చింది.

"యువత అంటే వయసు కాదమ్మా, మనసు," అన్నాడు ప్రెసిడెంటు.

"అలాగైతే పెద్దరికం కూడా మనసే కదా సార్. నా మనసుకు అరవై దాటాయి. ఆ కుర్చీ ఇస్తారా?"

"ఆ కుర్చీకి నువ్వు ఇంకా చిన్నదానివి. పెద్దయ్యాక రా."

యువజన కుర్చీకి పందొమ్మిదేళ్ల పిల్ల చిన్నదయింది. ఆ మాట అన్నాయన నలభై ఏళ్లు పాఠాలు చెప్పాడు. ఎవరికీ తప్పు వినపడలేదు. టీ పోస్తున్న అవ్వకు వినపడింది.

పిల్ల వెళ్లిపోతూ బల్ల దగ్గర ఆగింది. ట్రే కింద నుంచి ఏదో కాగితం కొస కనపడింది. లాగింది. తన అర్జీ. ముప్పై సంతకాల మీద గుండ్రంగా గ్లాసు మరకలు. తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుంది. అవ్వ వైపు చూసి నెమ్మదిగా అంది, "మా సంతకాలను కాసేపైనా వెచ్చగా ఉంచావవ్వా. ఈ గదిలో ఇంకెవరూ అంత కూడా చెయ్యలేదు."

తిట్టి ఉంటే అవ్వ తిరిగి తిట్టేది. తిట్టలేదు. గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగి, "ఈ కమిటీకి నియమాలేమైనా రాసి ఉన్నాయా అవ్వా?" అని అడిగింది.

"గోడ మీద ఉన్నాయి, పటం కట్టి."

"ఏం రాసుంది?"

అవ్వ ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. ప్రెసిడెంటు కుర్చీ వెనక గోడకు ఆ పటం ఉంది. ఇరవై ఆరేళ్లుగా రోజూ తడిగుడ్డతో దాని అద్దం తుడుస్తోంది. లోపలేముందో ఒక్కనాడూ చదవలేదు. పైగా వేరే మేకు లేదని దాని మీదే గోడగడియారం తగిలించారు. సగం పటం గడియారం వెనకే ఉండిపోయింది. ఆ పూట అవ్వకు అన్నం సయించలేదు. పంక్చర్లు వేసే పిల్ల టైరును తుడిచి చదివింది. తను ఇన్నేళ్లు తుడిచి, చదవకుండా వదిలేసింది.

సోమవారం ఎనిమిదింటికే వచ్చి, ప్రెసిడెంటు కుర్చీ గోడకు జరిపి, చెప్పులతోనే ఎక్కింది. గడియారం తీసి బల్ల మీద పెట్టింది. వేలు అద్దం మీద ఆనించి ఒక్కో అక్షరం లాక్కుంటూ చదివింది. ఎనిమిదింటికి మొదలుపెడితే పది కావడానికి పది నిమిషాలుందనగా అయింది. మధ్యలో ఒక గుణింతం దగ్గర చిక్కుకుని, పిల్లలు బడికి పోయే చప్పుడు వినపడేదాకా అక్కడే ఉండిపోయింది. ఏడో నియమం: యువజన ప్రతినిధికి పద్దెనిమిది నిండి ఉండాలి, ఇరవై ఐదు దాటి ఉండకూడదు. ఇరవై ఐదు నిండిన రోజు ఆ కుర్చీ దానంతటదే ఖాళీ అవుతుంది. ఎనిమిదో నియమం: ఖాళీ అయిన కుర్చీకి ఆ వయసు వాళ్లే ఆఫీసు పెరట్లో చేతులెత్తి మనిషిని ఎన్నుకోవాలి.

గడియారం మళ్లీ తగిలించి కుర్చీ దిగింది. దిండు మీద చెప్పుల మట్టి అచ్చు పడింది. తుడవలేదు. అదొక్కటీ మీటింగు రోజు దాకా తుడవలేదు.

మధ్యాహ్నం పంక్చరు దుకాణానికి పోయి ఆ రెండు నియమాలూ అప్పజెప్పింది. "వచ్చే మీటింగుకు రావే. అదే గుమ్మంలో నిలబడు. నోరు మూసుకుని నిలబడాలి. నీకది కష్టమే, అయినా నిలబడు."

"ఏం చేస్తావవ్వా?"

"టీ పోస్తాను. ఇంకేం చేస్తాను, నా ఉద్యోగం అదే కదా."

తర్వాతి నెల మీటింగు శనివారం తొమ్మిది గ్లాసులతో ట్రే వచ్చింది. ప్రెసిడెంటుకు ఒకటి. ఫోనాయనకు ఒకటి. నిద్రాయన ముందు ఒకటి. అలా ఎనిమిది పెట్టి, చెయ్యి చాపిన యూత్ బాబాయిని దాటుకుని అవ్వ గుమ్మం దాకా నడిచింది. తొమ్మిదో గ్లాసు పంక్చరు పిల్ల చేతిలో పెట్టింది.

"అవ్వా, నా టీ?" అన్నాడు యూత్ బాబాయి.

"మీది అయిపోయింది బాబాయ్ గారూ."

"ఎప్పుడు?"

"ఇరవై రెండేళ్లయింది. గడియారం వెనక రాసుంది, చూసుకోండి."

ప్రెసిడెంటు లేచాడు. గడియారం పక్కకు జరిపి చదివాడు. ఆయన చదవడానికి అర నిమిషం పట్టింది, మింగడానికి ఇంకాస్త ఎక్కువ పట్టింది. "నీ పని టీ పొయ్యడం. ఎవరు సభ్యులో తేల్చడం కాదు. నిన్ను ఇవాళే తీసేస్తాను," అన్నాడు.

"తియ్యండి సారూ. ముందు పర్మనెంటు చేసి తియ్యండి. తాత్కాలికాన్ని తీస్తే మీకేం గొప్ప?"

"గ్లాసు ఇచ్చినంత మాత్రాన సభ్యులైపోరు. గుమాస్తా, రాయి."

గుమాస్తా రాయలేదు. లేచి వచ్చి ప్రెసిడెంటు చెవి దగ్గర వంగాడు. రహస్యం చెప్పే అలవాటు లేని మనిషి, గది మొత్తానికీ వినపడింది. "సార్, గ్లాసుతో సభ్యులు కారని రాస్తే చిక్కొస్తుంది. మిమ్మల్ని ప్రెసిడెంటుగా ఎన్నుకున్న రోజు వచ్చింది ఐదుగురే. మిగతా నాలుగు గ్లాసులు నేను తాగాను."

ప్రెసిడెంటు కూర్చున్నాడు. మట్టి అచ్చు మీదే కూర్చున్నాడు.

అంతా అయిపోయిందనుకుంది అవ్వ. పిల్ల నడిచి వచ్చి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

"ఇది నేను తాగను అవ్వా."

ఇరవై ఆరేళ్లలో అవ్వ టీ వద్దన్నవాళ్లు లేరు. "ఏం, చక్కెర తగ్గిందా?" అంది, పళ్లు బిగించి.

"నువ్విచ్చావని నేను కూర్చుంటే, రేపు నువ్వు ఇంకొకరికిస్తే వాళ్లు కూర్చుంటారు. బాబాయి గారిని కూడా ఇలాగే ఎవరో కూర్చోబెట్టారు. ఎనిమిదో నియమం చదివింది నువ్వే కదా?"

"చదివాను. పెరట్లో చేతులెత్తాలంట."

"అయితే చేతులెత్తాకే తాగుతా."

అవ్వకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోగొట్టుకోడానికి సిద్ధపడి పోసిన టీకి ఈ పిల్ల నియమాలు చెబుతోంది. అయినా మాట తప్పు కాదు, అదే ఇంకా మంట. ఆ గ్లాసును గుమాస్తా తాగేశాడు, అలవాటు కొద్దీ.

రెండు వారాల తర్వాత పెరట్లో నలభై నాలుగు మంది పిల్లలు నిలబడ్డారు. పోటీకి ఫోను కవర్లు అమ్మే కుర్రాడు కూడా దిగాడు, వచ్చిన అందరికీ ఉచితంగా కవర్లు పంచాడు. పంక్చరు పిల్ల ఏమీ పంచలేదు. రీడింగ్ రూము సంగతి చెప్పి, నచ్చకపోతే ఎత్తొద్దు అంది. కుర్రాడికి ఇరవై ఒకటి లేచాయి. పిల్లకు ఇరవై రెండు. గోడ పక్కన ఒకడు ఇంకా చెయ్యి ఎత్తకుండా నిలబడ్డాడు. యూత్ బాబాయి కొడుకు. వరండాలో నిలబడ్డ తండ్రిని చూశాడు, పిల్లను చూశాడు, చెయ్యి ఎత్తాడు. ఇరవై మూడు.

"ఒరేయ్," అన్నాడు తండ్రి, చెయ్యి లేపి.

"నువ్వు చెయ్యి దించు నాన్నా. నీకు వయసు లేదు."

అందరూ లోపలికి పోయాక యూత్ బాబాయి మెట్ల మీద కూర్చుండిపోయాడు. రంగు జుట్టు, మోకాలి పట్టీలు, చేతిలో కళ్లద్దాలు. అవ్వకు చూడబుద్ధి కాలేదు. తన సొంత గ్లాసు, అంచు చిట్లినది, అందులో టీ పోసి తెచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు, తాగండి," అంది.

"ఇరవై నాలుగేళ్లవ్వా," అన్నాడు ఆయన. "ఆ పిల్ల వచ్చి అడిగేదాకా నన్ను ఒక్కడు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నేను మాత్రం ఏదో ఒకటి చేసేవాణ్ణి కాదా?"

చేసేవాడో లేదో అవ్వకు తెలియదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చుంది.

పంక్చరు పిల్ల కుర్చీలో కూర్చున్న మొదటి నెలలోనే తప్పు చేసింది. రీడింగ్ రూము చూసుకోడానికి ఒక్కడే మనిషి కాబట్టి, పొద్దున మూసేసి మధ్యాహ్నం రెండు నుంచి తొమ్మిది దాకా తెరవాలని తీర్మానం చేయించింది. పిల్లలు నిండిపోయారు. పొద్దున పదింటికి వచ్చే ఆ నలుగురు పెద్దవాళ్లు మూసిన తలుపు ముందు వరసగా కూర్చున్నారు, పేపరు ముక్కలు చేతిలో పట్టుకుని. వాళ్లలో ఒకాయన ఇంట్లో కోడలు పొద్దున పదికి గది ఊడ్చి ఆయన్ని బయటికి పంపేస్తుందని, ఐదింటిదాకా ఆయనకు ఇల్లు లేదని అందరికీ అప్పుడే తెలిసింది.

"చేతులెత్తినవాళ్లు ఎక్కువమంది అటే కదవ్వా," అంది పిల్ల.

"ఇన్నేళ్లు వాళ్లు ఆ బల్ల మీద పడుకున్నారు. లేపావు, బాగుంది. లేపేటప్పుడు ఎక్కడ పడుకోవాలో కూడా చెప్పాలి కదే. నిన్ను గుమ్మంలో నిలబెట్టారని ఏడ్చావు. నువ్వు వాళ్లకు గుమ్మం కూడా లేకుండా చేశావు."

తర్వాతి మీటింగులో పిల్ల లేచి, "తప్పు నాది, అడగకుండా మార్చాను," అంది. ఆ గదిలో ఆ మాట అంతకుముందెవరూ అనలేదు. ఎలా రాయాలో తెలియక గుమాస్తా కలం పట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి పొద్దుటి తాళం చెవి ఆ నలుగురికే ఇచ్చేశారు. వాళ్లే తెరుస్తారు, వాళ్లే ఊడుస్తారు, వాళ్లే పడుకుంటారు.

డిప్లొమా ప్యాసయింది. బస్సు డిపోలో మెకానిక్కు ఉద్యోగం వచ్చింది. సెలవు రోజుల్లో మెట్ల కింద మూలలో ఇంకా పంక్చర్లు వేస్తూనే ఉంది, తండ్రి స్టూలు మీద కూర్చుని ఇంకా పని తనదే అంటూనే ఉన్నాడు. కమిటీలో ఐదేళ్లు దాటాయి. ఆ పిల్ల నోటికి భయపడి సభ్యులు మీటింగులకు నిజంగానే రావడం మొదలుపెట్టారు. గుమాస్తాకు ఒక్క గ్లాసే దక్కుతోంది, ఆయన ఒళ్లు బాగుపడింది. హెడ్మాస్టరు కూడా ఆమెను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. బెంచీ ఎక్కించాలనిపించడం మానేసింది ఆయనకు. అవ్వకు మొదట భయం వేసింది అక్కడే.

మొన్నటి శనివారం సైకిళ్లు అడ్డంగా పెడుతున్నారని రీడింగ్ రూము పిల్లల మీద ఫిర్యాదు వచ్చింది. పంక్చరు పిల్ల కళ్లు తిప్పి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు సార్. మా రోజుల్లో అయితే..." అంది.

అవ్వ ట్రేను బల్ల మీద టీ ఒలికేలా దించింది. పిల్ల విని ఆగిపోయింది. మిగతా ఎనిమిది మంది ఏమీ గమనించలేదు, తలలు ఊపారు. అంతేకాదు, ప్రెసిడెంటు ముందుకు వంగి, "ఇదిగో అమ్మాయ్, నీకు ఇరవై ఐదు వస్తున్నాయని విన్నాను. దిగులు పడకు. ఏడో నియమంలో ఇరవై ఐదును ముప్పై ఐదు చేద్దాం. తీర్మానం నేనే పెడతాను. నీలాంటి యువత మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. అందరూ బల్ల చరిచారు. పిల్ల వద్దనలేదు. తలదించుకుని నవ్వింది. ఆ నవ్వు అవ్వకు బాగా తెలుసు. అద్దాలు జేబులో పెట్టుకుంటూ యూత్ బాబాయి కూడా అలాగే నవ్వేవాడు.

మీటింగు అయ్యాక అవ్వ టీ గదిలో గ్లాసులు కడుగుతోంది. కడగడమంటే కొట్టడమే, అంత చప్పుడు. పిల్ల వచ్చి నీళ్ల డ్రమ్ము మీద కూర్చుంది.

"గ్లాసులు పగులుతాయవ్వా."

"పగలనీ. కొత్తవి కొంటారు. ఇక్కడ కొత్తవి రాకుండా పాతవే ఉంటేనే కష్టం."

పిల్ల కాసేపు గోళ్ల కింది నలుపు గీక్కుంది. "విన్నావా నేనన్న మాట?"

"నాకు చదువు తక్కువ గానీ చెవులు తక్కువ కాదు."

"నోరు దానంతటదే అనేసిందవ్వా. తర్వాత ఆయన ముప్పై ఐదు అన్నప్పుడు ఒళ్లంతా వెచ్చగా అయింది. బాగుంది. వద్దనాలని తెలుసు, నాలుక కదల్లేదు. తెరిచిన గది మళ్లీ మూసేస్తారేమో, నాలాగా ఎవరు అడుగుతారులే అనిపించింది."

"మీ బాబాయికి కూడా మొదట్లో అలాగే అనిపించి ఉంటుంది."

"అదే." పిల్ల డ్రమ్ము మీద నుంచి దిగింది. "వచ్చే మీటింగు శనివారం. దాని ముందు రోజు శుక్రవారం నాకు ఇరవై ఐదు నిండుతాయి. రాకుండా ఉందామనుకుంటాను గానీ వస్తాను, నా సంగతి నాకు తెలుసు. వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటాను. తీర్మానం పెడితే చెయ్యి కూడా ఎత్తుతానేమో. నువ్వు ట్రే పట్టుకుని వస్తావు కదా. నా దగ్గర ఆగొద్దు అవ్వా. నన్ను దాటుకుని పోయి, తొమ్మిదో గ్లాసు ఎవరికీ ఇవ్వకుండా ట్రేలోనే బోర్లించు. గుమాస్తాకు కూడా ఇవ్వకు. పెరట్లో మళ్లీ చేతులు లేచేదాకా అలాగే ఉండనీ."

"నువ్వే నోరు తెరిచి అడిగితే?"

"అడిగినా ఇవ్వకు. అరిచినా, నియమం మారిందన్నా, నిన్ను తీసేయిస్తానన్నా ఇవ్వకు. బాబాయి గారికిచ్చావు చూడు, అంచు చిట్లిన నీ గ్లాసు, అందులో పోసి మెట్ల మీద ఇవ్వు, తాగుతాను. లోపల మాత్రం నాకు టీ పొయ్యకు."